నిమ్మచెట్టు మీద కోళ్ళు

ఫిబ్రవరి 6

చెల్లీ,

ఇది నీ చేతికి అందేసరికి పాపాయి నీ ఇంట్లో ఉంటుంది. మీ బావగారు దాన్ని దింపి వెనక్కి రాగానే నన్ను ఆస్పత్రిలో చేరుస్తారు. కడుపులో గడ్డ తీసేస్తారట. డాక్టరు చాలా తేలిగ్గా చెప్పాడు, తీసేది ఆయన కడుపులోంచి కాదు కదా. నాకు కత్తి భయం లేదు. పాపాయికి ఇరవై ఏడేళ్ళు వచ్చాయి, ఇంతవరకు నా పక్కన కాకుండా ఒక్క రాత్రి పడుకుని ఎరగదు. నా భయమల్లా అదే.

నీకు తెలిసినవే మళ్ళీ రాస్తున్నాను, విసుక్కోకు. మాత్రలు పొద్దునా సాయంత్రం నీ కళ్ళెదుట మింగాలి. స్నానాల గదికి లోపలి గడియ ఊడదీయించు, మా ఇంట్లో ఏనాడో తీయించేశాను. బట్టలు ఉడికే బాయిలరు దగ్గరికి, ఇస్త్రీ బల్లల దగ్గరికి రానివ్వకు. మీ ఇల్లంతా లాండ్రీయే కాబట్టి ఇక ఎక్కడికి రానిస్తావో నువ్వే చూసుకో. ఒంటరిగా మాత్రం వదలకు. పడుకునేటప్పుడు దాని మణికట్టుకీ నా మణికట్టుకీ ఒక మెత్తటి నాడా కట్టుకుంటాం. ఫిట్స్ వస్తే నాడా లాగుతుంది, నాకు మెలకువ వస్తుంది. ఆ నాడా దాని సంచిలోనే పెట్టాను. ఇన్నాళ్ళూ నా చేతికున్నది ఇప్పుడు నీ చేతికి కడుతున్నాననుకో.

వారం వారం ఉత్తరం రాయాలి. నీ ఉత్తరాలు లాండ్రీ రసీదుల్లా ఉంటాయి, చొక్కాలు ఇన్ని, దుప్పట్లు ఇన్ని, ఇట్లు. అలా కాదు. ఏం తింది, ఎలా పడుకుంది, ఎక్కడ కూర్చుంది, అన్నీ కావాలి నాకు. కుట్లు ఆరగానే నేనే వచ్చి తీసుకెళ్తాను.

అక్క

ఫిబ్రవరి 17

అక్కా,

ఇది రసీదు కాదు, ఉత్తరమే. తీరిగ్గా చదువుకో, మంచం మీద నీకు వేరే పనేముంది.

ఆపరేషన్ బాగా జరిగిందని బావగారు కార్డు ముక్క రాశారు. మీ మరిది అది రెండుసార్లు చదివి, మీ అక్క గొంతు ఇంకా అంత బలంగానే ఉందా అని అడిగారు. ఉందనే చెప్పాను.

పాపాయి బాగా తింటోంది. మాత్రలు నేను గుర్తు చేసేలోపే మింగి, నోరు తెరిచి నాలుక ఎత్తి చూపిస్తోంది. అలా చూపించక్కర్లేదమ్మా అంటే, అలవాటు పిన్నీ అంది. నాడా కట్టుకున్నాం గానీ, పడుకుంటే నేను గడియారం ముల్లులా తిరిగే మనిషినని నీకు తెలుసుగా. దానికి ఫిట్స్ వచ్చి నేను లేవటం సంగతి దేవుడెరుగు, నేను అటు దొర్లినప్పుడల్లా అదే ఉలిక్కిపడి లేచింది. ఇప్పుడు నాడా మానేసి మంచాలు పక్కపక్కన వేసుకున్నాం.

దానికి మా కోళ్ళు తెగ నచ్చేశాయి. మీ మరిది పాత ఇనప అల్మారా తలుపులు పీకి, జాలీ కొట్టి, లోపల కర్రలు అడ్డంగా బిగించి వాటికో గూడు చేశారు. అది చూపించకుండా ఇంటికొచ్చిన వాళ్ళని వెళ్ళనివ్వరు. పొద్దు వాలగానే కోళ్ళని లోపలికి తోలి గొళ్ళెం పెడతాం. తెల్లారి తలుపు తీస్తే ఆ ఘాటుకి కళ్ళు మండుతాయి. ఈమధ్య కోళ్ళన్నీ దగ్గుతున్నాయి. పాపాయి ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని రెక్క ఎత్తి చూస్తే లోపల ఎర్రటి పేలు కుప్పలుగా ఉన్నాయి. అప్పట్నుంచీ నాతో మాట్లాడితే ఆ పేల గురించే.

మంగళవారం పెరట్లోనే దానికి ఫిట్స్ వచ్చాయి. నేను దగ్గరే ఉన్నాను. పక్కకి తిప్పి పట్టుకున్నాను. మోచెయ్యి కాస్త గీరుకుంది, అంతే. కాసేపు పడుకుని లేచి టీ తాగింది. నువ్వు కంగారు పడకు.

చెల్లి

ఫిబ్రవరి 24

చెల్లీ,

కంగారు పడకు అని ఎంత తేలిగ్గా రాశావు. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని ఆ లైను ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. మీ బావగారు కాగితం నా చేతిలోంచి లాక్కుని అల్మారాలో పెట్టారు.

పెరట్లో అంటే ఎక్కడ? మట్టి మీదా, చాకిరేవు బండ మీదా? ఎంతసేపు వచ్చాయి? మోచెయ్యి గీరుకున్నదంటే నువ్వు పట్టుకునేలోపే పడిందన్నమాట. దగ్గరే ఉన్నానంటావు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర ఉండాలి, అది దగ్గరంటే. నాడా ఎవర్నడిగి విప్పావు? నీకు దొర్లే అలవాటుంటే దొర్లకుండా పడుకో. నేను దాని కోసం ఎన్ని అలవాట్లు మానుకున్నానో నీకు తెలియనిది కాదు. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం మానుకున్నాను. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళటం మానుకున్నాను. నిద్ర కూడా మానుకున్నాను.

పేలున్న కోళ్ళని ఒళ్ళో కూర్చోబెట్టుకోవటమేమిటి? ఆ పెరట్లోకి దాన్ని ఇక పంపకు. గదిలో కూర్చోబెట్టి రేడియో పెట్టు. దానికి పాటలంటే ఇష్టం.

అక్క

మార్చి 10

అక్కా,

ఆలస్యమైంది. హోటలు వాళ్ళ దుప్పట్లు ఒక్కసారే వచ్చి పడ్డాయి. ఆరేసిన తాళ్ళ మధ్య దారి తెలియక మీ మరిది తన పెరట్లోనే తప్పిపోయినంత పని చేశారు. పాపాయి బాగుంది. నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇంట్లో జరిగిన విశేషం చెబుతాను. పోయిన నెలాఖర్లో ఒక మధ్యాహ్నం, కోళ్ళన్నీ బయట తిరుగుతుంటే, పాపాయి గూడు తలుపు మూసి గొళ్ళెం పెట్టేసింది. మర్చిపోయి పెట్టిందేమోనని నేను తీశాను. మళ్ళీ మూసింది. ఏమిటే అంటే, ఇక అవి ఇందులో పడుకోవు పిన్నీ అంది. పేలు దాక్కునేది ఆ అల్మారా అతుకుల్లోనట, ఎన్ని మందులు చల్లినా పగలు పోయి చీకటి పడగానే వస్తాయట. కోడి చెట్టు మీద పడుకునే జాతి, మనమే దాన్ని అల్మారా జాతి చేశాం అంది. మీ మరిది మొహం చూడాలి నువ్వు.

పొద్దు వాలింది. కోళ్ళన్నీ వచ్చి ఆ మూసిన తలుపు ముందు గుంపుగా నిలబడి ఒకటే గోల. తీసేద్దామే అన్నాను. అది తీయలేదు. ఒక్కోదాన్నీ ఎత్తి నిమ్మచెట్టు కొమ్మ మీద కూర్చోబెట్టింది. ముళ్ళున్న చెట్టు కాబట్టి పిల్లి త్వరగా ఎక్కదు, అందుకే అదట. దూకేశాయి. మళ్ళీ ఎక్కించింది. చేతులనిండా ముళ్ళ గీతలే. మర్నాడూ అదే తంతు. ఆ వారం వాన కూడా పడింది, తెల్లారి చూస్తే నీళ్ళోడుతూ మునగదీసుకుని కూర్చున్నాయి, నన్ను చూసిన చూపుకి సిగ్గేసింది. కానీ ఇప్పుడు సాయంత్రం ఎవరూ పిలవక్కర్లేదు. వాటంతట అవే ఒకదాని వెనక ఒకటి కొమ్మలెక్కి సర్దుకుంటున్నాయి. మేము పెద్దావిడ అని పిలిచే లావు కోడి ఉంది, అది ఎగరలేదు. దాని కోసం పాపాయి చెట్టుకి ఒక చెక్కపలక ఏటవాలుగా ఆనించింది.

మేత కూడా తగ్గించింది. బాయిలరు బూడిద పెరట్లో ఒక మూల పోస్తుంటాం కదా, అందులో పొర్లి ఆ పేలు వాటంతట అవే వదిలించుకున్నాయి. పురుగులు తవ్వుకుని తింటున్నాయి. దగ్గు పోయింది. గుడ్లు తగ్గాయి, ఉన్నవీ ఎక్కడ పెడుతున్నాయో వెతుక్కోవాలి. నిన్న ఒక వకీలుగారు ఎన్నాళ్ళుగానో తీసుకెళ్ళని కోట్ల బుట్టలో దొరికాయి. 

ఒక్క సంగతి నాకు బాగా ఎక్కింది అక్కా. ఆ తలుపు తెరిచి ఉన్నంతకాలం అవి లోపలికే వచ్చేవి. లోపల బాగుండి కాదు, తలుపు తెరిచి ఉంది గనక.

చెల్లి

మార్చి 18

చెల్లీ,

కోళ్ళకి రెండు పేజీలు, నా కూతురికి రెండు ముక్కలు. బాగుంది నీ లెక్క.

పెరట్లోకి పంపొద్దని రాశాను. నువ్వు పెరటిని దాని చేతికి అప్పజెప్పావు. ముళ్ళు గీసుకున్నాయని నవ్వుకుంటూ రాస్తున్నావు. మళ్ళీ ఫిట్స్ వచ్చాయో లేదో ఒక్క అక్షరం లేదు. రాలేదనే అనుకుంటున్నాను, వస్తే నువ్వు దాచవు.

చివర్లో ఆ తలుపు మాట ఎందుకు రాశావో నాకు అర్థం కాలేదనుకోకు. నా ఇంటి తలుపు దానికి మూసెయ్యమని చెబుతున్నావా? నేను కన్నది కోడిని కాదు. కోడి కొమ్మ మీంచి పడితే రెక్కలు కొట్టుకుంటుంది. ఇది పడితే తల కొట్టుకుంటుంది. వీధి కుళాయి గట్టు మీద పడ్డ రోజు దాని నుదుటి రక్తం నా ఒళ్ళో ఎంత కారిందో నువ్వు చూడలేదు. ఏడేళ్ళ పిల్ల అప్పుడు. ఆ రోజు నేను చెయ్యి వదిలి కూరలు బేరం చేస్తున్నాను.

ఇక్కడ మీ బావగారు వండుతున్నారు. ఉప్పు వేశారా అంటే, నువ్వు వేశావనుకున్నాను అంటారు మంచం మీదున్న నాతో. నడుస్తున్నాను, గోడ పట్టుకుని వాకిలి దాకా. నిద్రే పట్టడం లేదు. చేతికి ఏదీ కట్టి లేకపోతే అది చచ్చుబడినట్టుంటోంది. నాడాలాంటిదే ఇంకోటి మంచం కోడుకి కట్టి, రెండో కొస మణికట్టుకి చుట్టుకుని పడుకుంటున్నాను. మీ బావగారు చూసి, దీపం ఆర్పేశారు. పాపం, ఏమంటారు.

ఏప్రిల్ నెలాఖరులోపు వచ్చి తీసుకెళ్తాను.

అక్క

ఏప్రిల్ 3

అక్కా,

నా తలుపు మాటకి నువ్వు అంత దూరం వెళ్తావనుకోలేదు. నేను కోళ్ళ గురించే రాశాను. ఇప్పుడు నీ ఉత్తరం చదివాక, నేను వేరేదాని గురించి రాసి ఉంటే బాగుండేదేమో అనిపిస్తోంది. అందుకే ఈసారి తిన్నగా రాస్తున్నాను.

ముందు చెడ్డ వార్త. పెద్దావిడని అడవిపిల్లి పట్టుకుపోయింది. పొద్దున లేచేసరికి పలక పక్కన ఈకలు మాత్రమే ఉన్నాయి. వానకి పలక జారి పక్కకి పడిపోయింది, అది చెట్టెక్కలేక కిందే పడుకున్నట్టుంది. పాపాయి ఆ ఈకలన్నీ ఏరి పాతిపెట్టింది. చాలాసేపు ఏడ్చింది. పలక కట్టాల్సింది పిన్నీ, ఆనించి ఊరుకున్నాను, తప్పు నాదే అంది. ఇక మిగతావాటిని గూట్లో పెట్టేద్దామా అని మీ మరిది అడిగారు. పాపం ఆయన దెప్పిపొడవటానికి అనలేదు, నిజంగానే అడిగారు. అది కళ్ళు తుడుచుకుని, అది ఎక్కలేకపోయింది బాబాయ్, ఎక్కగలిగినవాటిని ఎందుకు మూయటం అంది. తర్వాత వెళ్ళి తాడు తెచ్చి పలకని చెట్టుకి బిగించి కట్టింది. ఎక్కాల్సిన లావు కోడి ఇప్పుడు లేదని తెలుసు, అయినా కట్టింది.

రెండో సంగతి. అది నెలరోజులుగా షాపులో పని చేస్తోంది. బాయిలరు దగ్గర కాదు, ఇస్త్రీ బల్ల దగ్గర కాదు. ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చిన బట్టలు తీసుకుని, కాలరు లోపల చెరగని ఇంకుతో గుర్తు రాసి, మూటలు కడుతుంది. నేను ఇన్నేళ్ళలో ఎవరి చొక్కా ఎవరికిచ్చి ఎన్ని తిట్లు తిన్నానో. దాని చేతిలో ఒక్కటి తారుమారు కాలేదు. వచ్చేవాళ్ళు అమ్మాయిగారూ అని పిలుస్తున్నారు. మొదటిసారి అలా పిలిచినప్పుడు వెనక్కి తిరిగి చూసింది, ఎవరినో అనుకుని.

మూడోది. దానికి ఇక్కడే ఉండిపోవాలనుంది. మా ఇంట్లో కూడా కాదు. బట్టలారేసే పెరటికి అవతల సబ్బు మూటలు పెట్టే గది ఉంది చూడు, కిటికీ పెరట్లోకి ఉంటుంది. అది ఖాళీ చేసి సున్నం వేసిస్తే అందులో ఉంటానంటోంది. తలుపుకి గడియ లోపల్నుంచి పడుతుందా అని అడిగింది. పడుతుంది, కానీ బయట్నుంచి కూడా తీసుకునేలా చేయిస్తాను. పిలిస్తే వినపడేంత దూరంలో మేముంటాం. నువ్వు ఒప్పుకుంటేనే. నిన్ను అడగటానికి దానికి ధైర్యం చాలక నన్ను ముందు పెట్టింది.

ఒప్పుకో అక్కా.

చెల్లి

ఏప్రిల్ 11

చెల్లీ,

పెద్దావిడని పిల్లి ఎత్తుకుపోయిన సంగతి రాసి, ఆ కాగితం మీదే నా కూతురు పెరట్లో ఒక్కతే ఒక గదిలో ఉంటానంటోందని రాయటానికి నీకు చెయ్యెలా వచ్చింది?

లోపల్నుంచి గడియట. దాని తల పగిలితే ఆ గడియ ఎవరు తీస్తారు? పిలిస్తే వినపడుతుందా? ఫిట్స్ వచ్చిన మనిషి ఎవర్నీ పిలవదు. ఆ మాత్రం నీకు తెలియదు. తెలియదు ఎందుకంటే నువ్వు కనలేదు, పెంచలేదు. నీకు పిల్లలుంటే ఈ ఉత్తరం రాసేదానివి కాదు.

ఇరవై రెండున పొద్దున బస్సుకి వస్తున్నాను. పెట్టె సర్ది ఉంచు.

అక్క

ఏప్రిల్ 16

అక్కకి,

సర్ది ఉంచాను.

నాకు పిల్లలు లేరని లోకం నాకు చాలాసార్లు గుర్తుచేసింది. నీ చేతిరాతలో మాత్రం ఇదే మొదటిసారి. మీ మరిది చదువుతానంటే ఇవ్వలేదు.

నువ్వు వచ్చేలోపు తెలియాల్సింది ఒకటుంది. ఫిబ్రవరి తర్వాత దానికి ఫిట్స్ రాలేదనుకుంటున్నావు. వచ్చాయి. మార్చిలోనూ వచ్చాయి, ఈ నెల్లోనూ వచ్చాయి. మీ దగ్గర ఎంత తరచుగా వచ్చేవో ఇక్కడా అంతే. ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. డాక్టరుకి చూపిస్తే అవే మాత్రలు వాడమన్నాడు. రాయకపోవటం నా తప్పే. మోచెయ్యి గీరుకుందని రాస్తేనే నువ్వు కుట్లు పట్టుకుని కూర్చున్నావు, ఇంకేం రాయను? నిజం రాయి పిన్నీ అని అది పోరింది కూడా.

ఫిట్స్ వచ్చేముందు దానికి కాలిన గుడ్డ వాసన వస్తుందట. నీకు తెలుసా? నాకు తెలియదు. లాండ్రీలో ఉంటూ ఆ వాసన ఏది ఏదో ఎలా తెలుస్తుందే అంటే నవ్వింది. తెలుస్తుంది పిన్నీ, ఇస్త్రీ వాసన ముక్కులోకి వస్తుంది, ఇది తలలోంచి వస్తుంది అంది. ఆ వాసన రాగానే చేతిలోది పక్కన పెట్టి, ఎక్కడుంటే అక్కడ నేల మీద కూర్చుని పక్కకి పడుకుంటుంది. కింద పడటం అనేది ఇక్కడ ఆ మొదటిసారి తర్వాత జరగలేదు. ఇదంతా అమ్మకి ఎందుకు చెప్పలేదే అని అడిగాను. అది చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"చెప్పేలోపే అమ్మ పట్టేసుకునేది పిన్నీ. కళ్ళు తెరిచేసరికి అమ్మ ఏడుస్తూ ఉండేది. జబ్బు నాది, ఓదార్చాల్సింది అమ్మని. ఇక్కడ లేచి నా మొహం నేను కడుక్కుని నా పని చూసుకుంటున్నాను."

ఇది నిన్ను నొప్పించటానికి రాయలేదు. కాస్త నొప్పించాలనే ఉందేమో కూడా, నాకు తెలియదు. వచ్చి తీసుకెళ్ళు. నేను అడ్డు రాను, కన్నది నువ్వు.

చెల్లి

ఏప్రిల్ 28

అక్కా,

ఏమైంది నీకు? ఇరవై రెండు పొద్దున నేనూ పాపాయీ బస్టాండుకి వెళ్ళి నిలబడ్డాం. బస్సు వచ్చింది, నువ్వు దిగలేదు. పెట్టె తీసుకుని వెనక్కి వచ్చేశాం. కుట్లేమైనా తిరగబెట్టాయా? బావగారికి కార్డు రాస్తే, మీ అక్క బాగానే ఉంది, కొన్నాళ్ళు ఏమీ అడక్కండి అని జవాబొచ్చింది. ఆయన అంత పెద్ద వాక్యం రాశారంటేనే నాకు భయమేసింది.

పెట్టె అలాగే గుమ్మం పక్కన ఉంది. పాపాయి దాన్ని విప్పట్లేదు, ముట్టుకోవటం లేదు. కావాల్సిన జాకెట్టు కూడా తీసుకోకుండా నాది వేసుకుంటోంది. పనికి వెళ్తోంది. ఎవరితోనూ మాట్లాడట్లేదు. తీసుకెళ్తే తీసుకెళ్ళు, లేకపోతే లేదను. ఇలా గుమ్మంలో ఉంచకు దాన్ని.

ఆ రోజు సాయంత్రమే తాడు మీదున్న హోటలు దుప్పటి ఒకటి నలిగి మట్టిలో పడి ఉంది. మళ్ళీ ఆ అడవిపిల్లే వచ్చిందనుకున్నాం. కోళ్ళు మాత్రం అన్నీ ఉన్నాయి. నా మనసు ఎలా ఉందో చూడు, ఇప్పుడు దుప్పటి గురించి రాస్తున్నాను.

నా మీద కోపంతో రాకపోయి ఉంటే, నేను రాసిందంతా వెనక్కి తీసుకుంటాను. రెండక్షరాలు రాయి.

చెల్లి

మే 5

చెల్లీ,

ఆ దుప్పటి నా పని. పిల్లిని ఏమీ అనకండి.

ఇరవై రెండున నేను వచ్చాను. పొద్దున బస్సులో కడుపు పట్టేసి సగం దారిలో దిగిపోయి, ఒక హోటల్లో బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయాను. తర్వాతి బస్సు పట్టుకుని వచ్చేసరికి సాయంత్రమైంది. వీధిలోంచి వస్తే షాపులో జనం ఉన్నారు, నువ్వూ మీ ఆయనా బల్ల దగ్గర తలమునకలుగా ఉన్నారు. అందరి ముందూ గొడవెందుకని వెనక సందులోంచి పెరటి తలుపు తోసుకుని లోపలికి వచ్చాను. ఆరేసిన దుప్పట్ల వెనక నిలబడి ఊపిరి తీసుకుంటున్నాను. నీతో ఏమేం అనాలో అన్నీ సిద్ధం చేసుకునే వచ్చాను.

పాపాయి నిమ్మచెట్టు దగ్గర ఉంది. చేతిలో నీళ్ళ బకెట్. కోళ్ళు ఒక్కోటీ చెట్టెక్కుతున్నాయి. ఒకటి పలక మీదుగా నడిచి వెళ్ళింది, ఎగరగలిగి కూడా. పాపాయి వాటిని పిలవలేదు, తోలలేదు. ఊరికే చూస్తూ నిలబడింది. దాని మొహం నేను ఎప్పుడూ అంత దూరం నుంచి చూడలేదు. చూస్తే అది పాపాయి కాదు, ఎవరో పెద్దమనిషి. నా అంత మనిషి.

అప్పుడు బకెట్ కింద పెట్టింది. బండకి దూరంగా నాలుగడుగులు వేసి మట్టిలో కూర్చుంది. చెప్పులు విడిచి పక్కన పెట్టి, చెయ్యి తల కింద పెట్టుకుని పక్కకి పడుకుంది. ఏం చేస్తోందో నాకు అర్థమయ్యేలోపే మొదలయ్యాయి.

ఇరవై ఏళ్ళలో నా కళ్ళెదుట దానికి ఫిట్స్ వస్తుంటే నా చెయ్యి దాని ఒంటి మీద లేకపోవటం ఇదే మొదటిసారి. ఎందుకు పరిగెత్తలేదని నువ్వు అడుగుతావు. కాళ్ళు కదిలాయి. కదిలినప్పుడు నీ ఉత్తరంలో అది అన్న మాట గుర్తొచ్చింది, కళ్ళు తెరిచేసరికి అమ్మ ఏడుస్తూ ఉంటుందని. నేను అప్పటికే ఏడుస్తున్నాను. ఆ మొహంతో వెళ్ళి మళ్ళీ దాని ముందు నిలబడలేకపోయాను. కాసేపట్లో ఫిట్స్ ఆగకపోతే వెళ్ళి తీరాలనుకున్నాను. దుప్పటి పట్టుకుని నిలబడ్డాను, అది తాడు మీంచి ఊడి నా మీద పడింది. అంతలో ఆగిపోయాయి. ఊపిరి మామూలుగా వచ్చింది. కాసేపు అలాగే పడుకుంది. తర్వాత లేచి కూర్చుంది. చేత్తో మూతి తుడుచుకుంది. లంగా తడిసిందేమో చూసుకుంది, తడిసింది, బకెట్‌లో నీళ్ళు కాసిని పోసుకుని కడుక్కుంది. చెప్పులు తొడుక్కుంది.

లేవగానే అటూ ఇటూ చూస్తుందనుకున్నాను, నా కోసం. చూడలేదు చెల్లీ. ఒక్కసారి చెట్టు కేసి తలెత్తి కోళ్ళన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, బకెట్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు సంతోషం వేసిందని రాస్తే అబద్ధం. ప్రాణం పోయినట్టుంది. ఇన్నేళ్ళూ నేను లేకపోతే అది బతకదని బతికాను. వచ్చిన సందులోంచే వెళ్ళి, బస్టాండులో కూర్చుని, తెల్లవారి మొదటి బస్సుకి ఇంటికొచ్చేశాను. మీ బావగారు తలుపు తీసి నా వెనక చూశారు. అది రాలేదని చూసి, కాఫీ పెడతాను అన్నారు. అన్నీ చెప్పాక ఆయన కూడా ఏడ్చారు. ఆయన ఏడవటం కూడా నేను అంతకుముందు చూడలేదు, ఎప్పుడూ నేనే ముందు ఏడ్చేదాన్ని.

నీకు ఉత్తరం రాయటానికి ఇన్ని రోజులు పట్టింది. రాయటం మొదలుపెట్టినప్పుడల్లా, నీకు పిల్లలుంటే అని నేను రాసిన లైను అడ్డం వచ్చేది. అది ఎంత నీచమైన మాటో రాసేటప్పుడే తెలుసు, తెలిసే రాశాను. ఇరవై ఏళ్ళలో నేను నేర్పలేనిది నువ్వు మూడు నెలల్లో దానికి వదిలిపెట్టావు. నన్ను క్షమించు అని అడగటానికి మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

పెట్టె విప్పుకోమని చెప్పు. ఆ గదికి సున్నం వేయించు. గడియ లోపల్నుంచీ పడాలి, బయట్నుంచీ రావాలి, నువ్వన్నట్టే. నేను వచ్చానని దానికి చెప్పాలో వద్దో నువ్వే ఆలోచించు, నాకు తెలియటం లేదు.

ఇక ఒక్కటి. దాని సంగతులు ఇకమీదట నువ్వు నాకు రాయకు. ఏం తింది, ఎప్పుడు వచ్చాయి, ఎక్కడ పడుకుంది, ఏదీ వద్దు. నాకు చెప్పాలనిపిస్తే అదే రాసుకుంటుంది, అనిపించకపోతే నేను ఎదురుచూస్తాను. కాగితం ఖాళీగా మిగులుతుందని బెంగపడకు. ఈ మూడు నెలల్లో నీకు ఇన్ని ఉత్తరాలు రాశాను గానీ, చెల్లీ, నువ్వెలా ఉన్నావని ఒక్కసారి కూడా అడగలేదు. ఎలా ఉన్నావే?

నీ అక్క